ఉద్యోగం, రెండేళ్ల పాప, వీణ: సాధన ఎప్పుడు?

ప్రశ్న: ఉండేది తిరుపతి, ఉద్యోగం రేణిగుంటలో. పాప పడుకున్నాక వీణ తీస్తే, శ్రుతి చేసేసరికే లేచి కూర్చుంటోంది. పైగా ప్రమోషన్ పరీక్ష ఉంది. ఎట్లా?

జవాబు 1: రాత్రి వద్దమ్మా. తెల్లారి 5 గంటలకు 25 నిమిషాలు చాలు: 5 శ్రుతికి, 10 వరుసలకు, మిగతాది ఒక్క చరణానికి. వీణను మాత్రం కిటికీ దగ్గర పెట్టకండి. వీణ మెట్లు, అంటే తీగల కింద ఉండే లోహపు కమ్మీలు, మైనం మీద కూర్చుంటాయి. మన ఎండలకు మైనం మెత్తబడి మెట్టు జరిగితే తీగ బిగించే బిరడలు ఎంత తిప్పినా స్వరం కుదరదు, మళ్లీ మేళం కట్టించాల్సిందే, అంటే మెట్లన్నీ తిరిగి మైనంలో అమర్పించాలి.

జవాబు 2: పరీక్ష అయ్యేదాకా కొత్త కీర్తన ఎత్తుకోకండి. 50 మంది, అంతకు మించి పనిచేసేచోట క్రెష్ (పసిపిల్లల్ని చూసుకునే చోటు) ఉండాలని ప్రసూతి ప్రయోజనాల చట్టం 2017 సవరణలోనే వచ్చింది, రోజుకు 4 సార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. హెచ్ఆర్‌ను మెయిల్‌లోనే అడగండి, నోటిమాట నిలవదు.

జవాబు 3: ఇంతకీ మీ ఆయన? పొద్దున ఆ అరగంట పాప ఆయన పూచీ.