వలస వెళ్ళినవాళ్ళు ఆ దేశానికి ఏమిచ్చారు, ఇంటికి ఏమిచ్చారు? మీ అనుభవాలు రాయండి

పర్లాకిమిడి_అమ్మ

మా పెద్దమ్మాయి బరంపురంలో నర్సింగ్ చేసి, ఇప్పుడు జర్మన్ భాష నేర్చుకుంటోంది. బి2 పరీక్ష గట్టెక్కితే అక్కడి ఆసుపత్రిలో ఉద్యోగం. సంబంధం కూడా కుదిరింది. కాబోయే వియ్యపురాలు మాత్రం "వాళ్ళకి మనవాళ్ళంటే గిట్టడం లేదట వదినగారూ, పిలవని పేరంటానికి పోయినట్టు ఎందుకు?" అంటోంది. నాకూ టెన్షన్ పట్టుకుంది. మనవాళ్ళు వెళ్ళడం వల్ల ఆ దేశాలకు నిజంగా మేలు జరుగుతోందా? పెళ్ళయ్యాక అల్లుడు వెంట వెళ్ళగలడా? పుట్టబోయే పిల్లలకు తెలుగు మిగులుతుందా? మన ఒడిశాలో కాశీనగరం, గుణుపురం, రాయగడ వైపు ఎవరి ఇళ్ళలోనైనా విదేశాల్లో ఉన్నవాళ్ళుంటే చెప్పండి.

గోపాల్‌పూర్_తీరం

అమ్మా, మా ముత్తాత గోపాల్‌పూర్ రేవులోనే ఓడెక్కి రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళారు. గంజాం, విశాఖ జిల్లాల నుంచి వెళ్ళినవాళ్ళు లక్షల్లో ఉన్నారు. బర్మా బియ్యం ప్రపంచమంతా అమ్ముడుపోయిన రోజులవి. ఆ బస్తాలు ఓడల్లోకి ఎక్కించినవాళ్ళు చాలామంది తెలుగు కూలీలే. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులున్నారు. ఆయన పంపిన డబ్బుతో మాకు పల్లపు భూమి వచ్చింది, ఇద్దరు ఆడపిల్లల పెళ్ళిళ్ళయ్యాయి. అక్కణ్ణించి వచ్చిన టేకు పెట్టె ఇప్పటికీ మా పడకగదిలో ఉంది. మూలలకు ఇత్తడి రేకులు, లోపల నగలకు ఒక చిన్న అర. ఇంతవరకు ఒక్క మేకు కదల్లేదు.

గిట్టకపోవడం ఎక్కడ పుడుతుందో కూడా చెప్తాను. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మె కట్టారు. ఓడల కంపెనీలు వాళ్ళ బదులు బర్మావాళ్ళను పనిలో పెట్టుకున్నాయి. సమ్మె తీరగానే ఆ బర్మావాళ్ళను పొమ్మన్నాయి. ఆ కోపం కంపెనీల మీదకు పోలేదు, మనవాళ్ళ మీద పడింది. వందమందికి పైగా చచ్చిపోయారు. పని ఇచ్చేవాడు ఇద్దరినీ చవగ్గా వాడుకుని తప్పుకుంటే, మిగిలినవాళ్ళు కొట్టుకు చస్తారు. 1942లో జపాన్ బాంబులు పడ్డాక మా ముత్తాత అడవులకు అడ్డంపడి నడిచి ఇల్లు చేరారు. మీ అమ్మాయి కంపెనీ కాగితంలో అక్కడి నర్సుకిచ్చే జీతమే ఈమెకీ రాశారో లేదో ముందు చూడండి.

వీసా_గైడ్_రాయగడ

నేను ఇరవై ఏళ్ళుగా ఈ కాగితాలే చూస్తున్నాను, కాబట్టి నా మాట నమ్మండి. జర్మనీ పిలవని పేరంటం కాదు, బొట్టు పెట్టి మరీ పిలుస్తోంది. ముసలివాళ్ళు పెరిగి, పనిచేసే వయసువాళ్ళు తగ్గిపోతున్న దేశం అది. 2024లో భారతీయ నిపుణులకు ఏడాదికిచ్చే వీసాలను 20,000 నుంచి 90,000కు పెంచుతామని ఆ ప్రభుత్వమే ప్రకటించింది. 1961లో టర్కీతో ఒప్పందం చేసుకుని కూలీలను రప్పించుకున్నారు, కొన్నాళ్ళు పనిచేసి వెళ్ళిపోతారనుకున్నారు. వాళ్ళు అక్కడే ఉండిపోయారు. కోవిడ్ టీకా చేసిన బయోఎన్‌టెక్ కంపెనీని స్థాపించిన ఉగుర్ షాహిన్, ఓజ్లెమ్ త్యురెచి దంపతులిద్దరూ టర్కీ మూలాలవాళ్ళే. షాహిన్ తండ్రి అక్కడ కార్ల ఫ్యాక్టరీలో పనిచేశాడు. మీ వియ్యపురాలికి ఈ ఒక్కటి చెప్పండి చాలు.

చంద్రగిరి_రైతు

జర్మనీ దాకా ఎందుకు, మన గజపతి జిల్లాలోనే చూడండి. 1963లో టిబెట్ శరణార్థులను చంద్రగిరి దగ్గర కొండల్లో దించారు. ఆ మంచుదేశం మనుషులకు మన ఎండ, మలేరియా కొత్త. అలాంటివాళ్ళు ఈ రోజు ఆ పొలాలనిండా మొక్కజొన్న పండిస్తున్నారు, తివాచీలు నేస్తున్నారు, చలికాలమొస్తే ఊరూరా స్వెట్టర్లు అమ్ముతున్నారు. జీరంగలో పద్మసంభవ మహావిహారం కట్టాక (2010లో దలైలామా వచ్చి ప్రారంభించారు) టూరిస్టులు రావడం మొదలైంది. టీ కొట్లు, జీపులు, గదులు, వీటిలో బతుకుతున్నవాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఒడియావాళ్ళూ ఉన్నారు. మొక్కజొన్న ఎలా వేయాలో వాళ్ళను చూసే నేర్చుకున్నాం.

సవర_మాస్టారు

చివరి మాట వెనక్కి తీసుకోండి రైతుగారూ. మా సవర పెద్దలు పోడులో మొక్కజొన్న, కందులు, చోళ్ళు కలిపి చల్లుకుంటున్నది మా తాతలనాటి నుంచి. ఇంటి చూరుకు కంకులు గుత్తులుగా వేలాడదీసి విత్తనం దాచుకునేవాళ్ళు. వాళ్ళకు ఎవరూ నేర్పలేదు. వచ్చినవాళ్ళను పొగడండి, నాకు అభ్యంతరం లేదు. కానీ అంతకుముందు అక్కడ ఎవరూ లేనట్టు రాయొద్దు.

చంద్రగిరి_రైతు

మాస్టారూ, చూరుకు వేలాడేది ఇంటి తిండికి. నేనంటున్నది లారీలకెత్తే పంట గురించి. ట్రాక్టరు, ఎరువు, అందరూ కలిసి సొసైటీ పెట్టుకుని అమ్ముకోవడం, ఇవి ఈ కొండల్లో మొదట ఆ క్యాంపుల్లోనే చూశాను. మా నాన్న అక్కడ ట్రాక్టరు నడిపాడు, ఆ జీతంతోనే నేను చదువుకున్నాను.

సవర_మాస్టారు

మంచిది. వాళ్ళకు ప్రభుత్వం భూమి చూపించింది, ఇళ్ళు కట్టించింది, స్కూలు పెట్టింది. అదే కొండమీద పుట్టినవాడికి పట్టా రావడానికి 2006 అటవీ హక్కుల చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. అది వచ్చాక కూడా నా విద్యార్థుల తల్లిదండ్రులు ఇంకా కాగితాలు పట్టుకుని తిరుగుతున్నారు. వచ్చినవాడికి సాయం చేస్తే బాగుపడతాడని చంద్రగిరి రుజువు చేసింది, ఒప్పుకుంటాను. ఉన్నవాడికీ అదే సాయం చేస్తే వాడూ బాగుపడేవాడు కదా, అదే నా బాధ.

బయటివాడు ఎలా ఉండాలో చూపించినాయన మన పర్లాకిమిడిలోనే ఉండేవారు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఇక్కడికి పంతులుద్యోగానికి వచ్చి, సవరల దగ్గర కూర్చుని వాళ్ళ మాట నేర్చుకున్నారు. ఆయన సవర వ్యాకరణాన్ని 1931లో మద్రాసులో అచ్చువేశారు. కొండల్లో తిరిగి మలేరియాకు వేసుకున్న మందుల వల్ల ఆయనకు చెవుడు వచ్చింది. ఆ వ్యాకరణం నా బల్ల మీద ఉంటుంది.

మల్కన్‌గిరి_సిస్టర్

మాస్టారు చెప్పింది మా జిల్లాకూ వర్తిస్తుంది. 1958లో దండకారణ్యం ప్రాజెక్టు పెట్టి తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీలను ఇక్కడ దింపారు. ఊళ్ళకు పేర్లు కూడా పెట్టలేదు, ఎం.వి. (మల్కన్‌గిరి విలేజ్) అని నంబర్లే. ఇప్పటికీ "ఎం.వి. ఏడు నుంచి వచ్చానమ్మా" అనే చెప్తారు పేషెంట్లు. సంతలో కూరగాయలు, చెరువు చేప చాలావరకు వాళ్ళ చేతిమీద నుంచే వస్తాయి. నేను రాజమండ్రి నుంచి ఉద్యోగానికి వచ్చిన కొత్తలో బియ్యం, పప్పు తప్ప ఏదీ సులువుగా దొరికేది కాదు. ఇప్పుడు దసరాకు దుర్గ పందిట్లో కోయ పిల్లలు, తెలుగు పిల్లలు, బెంగాలీ పిల్లలు కలిసి తిరుగుతారు. కోయవాళ్ళ భూమి మాటేమిటంటే నా దగ్గర సమాధానం లేదు. బెంగాలీల్లోనూ అందరూ సుఖపడలేదు. 1978లో వేలమంది ఇక్కడ ఉండలేక సుందరవనాల్లోని మరిచ్‌ఝాపికి వెళ్ళిపోయారు, మరుసటి ఏడాది అక్కడ వాళ్ళను పోలీసులతో తరిమేశారు. నీళ్ళు లేని రాతినేలలో దించి "బతకండి" అంటే మేలు ఎలా జరుగుతుంది?

వీసా_గైడ్_రాయగడ

ఇక్కడ ఒక తప్పు అభిప్రాయం కనబడుతోంది. క్యాంపులో ఉన్నవాళ్ళందరూ విదేశీయులు కారు. 1950 జనవరి 26న గానీ ఆ తర్వాత గానీ, 1987 జులై 1కి ముందు ఇండియాలో పుట్టినవాళ్ళు, తల్లిదండ్రులు ఏ దేశంవాళ్ళయినా సరే, పుట్టుకతోనే పౌరులు. చట్టం తెలియకుండా మాట్లాడకూడదు.

సవర_మాస్టారు

నేనెక్కడ విదేశీయులన్నాను? పై నుంచి మళ్ళీ చదవండి. మీ ఇరవై ఏళ్ళ అనుభవం చదవడంలో చూపించండి ముందు.

పర్లాకిమిడి_అమ్మ

దయచేసి గొడవ పడకండి. అల్లుడి సంగతి ఎవరైనా చెప్తారా?

బరంపురం_మగ్గం

అమ్మా, చెప్తారు, ఆగండి. ముందు నన్ను ఒకటి చెప్పుకోనివ్వండి. మేము దేవాంగులం. తరాల కిందట తెలుగు దేశం నుంచి మగ్గాలతో వచ్చి ఇక్కడ స్థిరపడ్డాం. బరంపురం పట్టు అంటే ఇవాళ దేశమంతా తెలుసు, భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంచున ఫోడా కుంభం (గుడి గోపురంలాంటి మా నేత గుర్తు) రావాలంటే అంచుకొక నాడె, ఒడలికొక నాడె వేరువేరుగా ఆడాలి. ఒక్కరి వల్ల కాదు, పక్కన ఇంకో మనిషి కూర్చోవాలి. మా ఇళ్ళలో ఆ రెండో మనిషి ఆడదే. ఇక ఠాకురాణి యాత్ర. రెండేళ్ళకోసారి ఊరి తల్లి బుఢీ ఠాకురాణి గుడి వదిలి పుట్టింటికొస్తుంది. ఆ పుట్టిల్లు మా దేవాంగుల పెద్ద దేశీబెహరా గారి వీధే. ఒడియా నగరం ఊరి దేవతకు తెలుగు నేతగాళ్ళ వీధిని పుట్టిల్లు చేసింది! వచ్చినవాళ్ళను ఇంతకన్నా బాగా కలుపుకున్న ఊరు ఉంటే చూపించండి. వి.వి. గిరి గారు పుట్టింది కూడా ఈ బరంపురంలోనే, 1894లో, తెలుగింట్లో.

సూరత్_షిఫ్ట్

అన్నా, మీ వీధి పిల్లలే ఇప్పుడు సూరత్‌లో నా పక్క మరమగ్గం మీద పన్నెండు గంటల షిఫ్ట్ చేస్తున్నారు. ఒకడు లేస్తే ఇంకొకడు అదే పరుపు మీద పడుకుంటాడు. గంజాం జిల్లా వాళ్ళు లేకపోతే ఆ చీరల మార్కెట్ ఒక్క వారం నడవదు. 2020 లాక్‌డౌన్‌లో మేము రైళ్ళు పట్టి వచ్చేస్తే ఓనర్లే ఫోన్లు చేసి టికెట్లు కొంటామన్నారు. మనం పెంచేది వేరే రాష్ట్రాన్ని. పిల్లల చదువులు, పెళ్ళాం జ్వరాలు ఫోన్లోనే.

వీసా_గైడ్_రాయగడ

తమ్ముడూ, ప్రశ్న దేశాల మధ్య వలస గురించి. సూరత్ వేరే విషయం.

సూరత్_షిఫ్ట్

ఇంటికి దూరమైనవాడికి సరిహద్దు రాష్ట్రానిదైతే ఏంటి, దేశానిదైతే ఏంటి? అక్కడ మా రేషన్ కార్డు చెల్లుతుందని చెప్పారు, అడిగితే కొట్టువాడు తిప్పి పంపాడు. మీకిది వేరే విషయమా?

గుణుపురం_ఇల్లాలు

నేను ఎప్పుడూ రాయను, చదువుతానంతే. ఇవాళ రాయాలనిపించింది. మా ఆయన కువైట్‌లో ఉన్నారు. 2022లో మన దేశానికి బయటి నుంచి వచ్చిన డబ్బు 100 బిలియన్ డాలర్లు దాటిందని టీవీలో గొప్పగా చెప్పారు. అందులో మా ఇంటిదీ ఉంది. పాపకు ఇంగ్లీషు మీడియం, అత్తగారి కంటి ఆపరేషన్, ఇంటి శ్లాబు అన్నీ ఆ డబ్బే. కాదనను.

అందరూ యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు గర్వంగా చెప్తారు. 1923లో అమెరికా వెళ్ళి ఫోలిక్ ఆసిడ్, మెథోట్రెక్సేట్ అనే క్యాన్సర్ మందు ప్రపంచానికి అందేలా చేశారు. నేను కడుపుతో ఉన్నప్పుడు వేసుకున్న మాత్రలోనూ ఆయన పని ఉందని మా ఆశా అక్క చెప్పింది. ఆయన భార్య శేషగిరి గారి పేరు ఎంతమందికి తెలుసు? కడుపుతో ఉండగా ఆయన ఓడెక్కారు. పుట్టిన బిడ్డ ఏడాది నిండకుండానే పోయాడు. ఆయన తిరిగి రాలేదు. దేశానికి లాభం లెక్కేసేటప్పుడు ఆమెను ఏ ఖాతాలో రాస్తారు?

గోపాల్‌పూర్_తీరం

చెల్లెమ్మా, తప్పు ఆయనది ఒక్కటే కాదు. ఆయన వెళ్ళిన 1923లోనే భారతీయులు అమెరికా పౌరులు కావడానికి వీల్లేదని అక్కడి సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ కేసులో తేల్చింది. 1946లో గానీ ఆ తలుపు తీయలేదు, 1948లో ఆయన పోయారు. భార్యను పిలిపించుకునే దారి ఎక్కడుంది?

గుణుపురం_ఇల్లాలు

దారి లేదంటున్నారు, నేనూ అదే అంటున్నాను. మనిషి పని కావాలి, మనిషి ఇల్లు అక్కర్లేదు. కువైట్‌లో ఇప్పటికీ జీతం ఇంత ఉంటేనే పెళ్ళాంబిడ్డలకు వీసా. మా ఆయన జీతం అంత లేదు. అమ్మా, మీ అమ్మాయి పిలుచుకోగల దేశానికి వెళ్తోంది. పంపించండి, అల్లుణ్ణి కూడా పంపించండి. ఆగితే ఏళ్ళు పోతాయి.

వీసా_గైడ్_రాయగడ

అల్లుడి విషయం ఇప్పుడు చెప్తాను. జర్మనీలో భార్య తరఫున ఫ్యామిలీ పర్మిట్ మీద వెళ్ళినవాడికి, ఆ పర్మిట్‌తోనే ఉద్యోగం చేసుకునే హక్కు ఉంటుంది. అమెరికాలో అలా కాదు. హెచ్4 (అక్కడ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద వెళ్ళినవాళ్ళలో కొందరికి మాత్రమే, అదీ 2015 నుంచే పని చేసుకోనిస్తున్నారు. ముందు మ్యారేజి రిజిస్ట్రేషన్ చేయించండి, రెండు పాస్‌పోర్టుల్లో పేర్లు అక్షరం తేడా లేకుండా చూసుకోండి. ఒడియా కాగితంలో ఇంటిపేరు చివర, తెలుగు కాగితంలో ముందు ఉంటుంది. మన సరిహద్దు వాళ్ళ ఫైళ్ళు ఎక్కువగా అక్కడే ఆగిపోతాయి.

ధర్మాబాద్_మిర్చి

మాది నాందేడ్ జిల్లా. పిల్లలకు తెలుగు మిగులుతుందా అన్న ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. మా ఇంట్లో బడి మరాఠీ, బజారు హిందీ, వంటిల్లు తెలుగు. నా కూతురు తెలుగు రాయలేదు గానీ అమ్మమ్మతో గంటసేపు పోట్లాడగలదు. వంటింట్లో భాష మార్చకండి, అంతే. టొరంటోలో మా అన్న పిల్లలు కూడా అలాగే మాట్లాడుతున్నారు.

సవర_మాస్టారు

రైతుగారూ, పంట ఎత్తే రోజుల్లో ఆ సొసైటీ లెక్కల పుస్తకం చూపిస్తారా? మా ఊరివాళ్ళూ కలిసి అమ్ముకుంటే ఎలా ఉంటుందా అని ఆలోచిస్తున్నాం. దళారికి కిలోకు ఇంతని వదులుకోవడం ఆగాలి.

చంద్రగిరి_రైతు

తప్పకుండా మాస్టారూ. నాన్నకు ఆ క్యాంపు పెద్దలు బాగా తెలుసు. ఆదివారం రండి, మొహనా సంత దగ్గర కలుస్తాను.

వీసా_గైడ్_రాయగడ

గుణుపురం చెల్లెమ్మా, ఒక్క మాట. మీ ఆయన పది పాస్ కాలేదంటే ఆయనది ఇ.సి.ఆర్. (కొన్ని దేశాలకు పనికి వెళ్ళాలంటే ప్రభుత్వ అనుమతి కావాల్సిన) పాస్‌పోర్టు అయి ఉంటుంది. ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉందో లేదో చూడండి. రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375, పన్ను అదనం. ప్రమాదంలో ఏమైనా జరిగితే 10 లక్షలు. గడువు దాటిందేమో కాగితం మీద తేదీ చూసుకోండి.

గుణుపురం_ఇల్లాలు

పెట్టెలో ఉంది అన్నా, ఇప్పుడే తీసి చూశాను. వచ్చే నెలతో అయిపోతోంది. ఆయన అక్కడే ఉండగా ఇక్కణ్ణించి రెన్యువల్ చేయించవచ్చా?

వీసా_గైడ్_రాయగడ

ఆన్‌లైన్‌లో అవుతుంది. పాలసీ నంబరు, పాస్‌పోర్టు నంబరు దగ్గర పెట్టుకోండి, ఇక్కడ మాత్రం రాయొద్దు. రేపు ఉదయం నాకు విడిగా మెసేజ్ చేయండి, దగ్గరుండి చేయిస్తాను. ఫీజు వద్దు.