జనరేటర్ మీద బాగున్న బోట్ ఏసీ షోర్ పవర్ (ఒడ్డు నుంచి తీసుకునే కరెంటు) మీద ట్రిప్ అవుతోంది

ప్రశ్న: ఫ్లోరిడాలో ఉంటాం. బోటు కట్టే మెరీనాలో 120 వోల్టులు, 30 ఆంపుల కనెక్షన్. జనరేటర్ మీద 16,000 బీటీయూ ఏసీ హాయిగా నడుస్తుంది, డాక్ కరెంటు మీద మాత్రం కంప్రెసర్ అందుకోగానే లైట్లు డిమ్ అయ్యి కాసేపటికి బ్రేకర్ పడిపోతోంది. ఈ ఉక్కలో పిల్లలు నిద్రపోలేకపోతున్నారు. ఏసీని చల్లబరిచే సముద్రపు నీటి పంపు మార్చాలా?

జవాబు: జనరేటర్ మీదా అదే పంపు, అవే నీళ్లు కదండీ, ముందే దాని జోలికి పోకండి. కంప్రెసర్ స్టార్టయ్యే క్షణంలో బోటు లోపలి ప్యానెల్లో వోల్టేజ్ చూడండి, లోడు లేనప్పుడు 120 చూపించినా లెక్కలోకి రాదు. 105 కిందికి జారితే దారిలో ఎక్కడో కనెక్షన్ లూజై ఉండొచ్చు. డాక్ మీది బ్రేకర్ ఆపాకే కేబుల్ ఊడదీయండి. పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ మాడి గోధుమరంగుకి తిరిగి ఉంటే కేబుల్ చివరా, బోటు సాకెట్టూ రెండూ మార్చాలి, ఒక్కటే మారిస్తే పాతది కొత్తదాన్ని కూడా కాల్చేస్తుంది.

ఇంకో జవాబు: పడుతున్నది ఏ బ్రేకరండీ? డాక్‌లో లీకేజీ రక్షణ ఉంటే 30 మిల్లీ ఆంపులకే పడుతుంది, అది ఓవర్‌లోడ్ కాదు. ఆ సంగతి తేలేదాకా పిల్లల్ని అక్కడ నీళ్లలోకి దిగనివ్వకండి, దయచేసి. బోట్ల నుంచి నీళ్లలోకి లీకైన కరెంటుకి ఈతగాళ్లు చనిపోయారు.

ప్రశ్న అడిగినవారు: బోటుదేనండీ. గీజర్ కూడా ఆన్‌లోనే ఉంటుంది.

మొదటి జవాబిచ్చినవారు: 1,500 వాట్ల గీజరైతే అదొక్కటే 12.5 ఆంపులు, పైన ఏసీ, చార్జరు! అది ఆపి చూడండి. అయినా లైట్లు డిమ్ అయితే కనెక్షన్ మీదే అనుమానం. సాఫ్ట్ స్టార్టర్ (కంప్రెసర్ స్టార్టయ్యేటప్పుడు లాగే కరెంటు తగ్గించేది) పెట్టమంటారు కొందరు, మంచిదే, కానీ మాడిన సాకెట్ అలాగే ఉంచి పెడితే బ్రేకర్ పడదు గానీ వేడి ఆగదు.