ఐర్లండ్ అవిసె నార: కట్ట నానిందని ఎట్టా తెలిసేది?

కందుకూరు రైతు:
ఇదివరకు మా పక్క చెరువు నీళ్లలో జనుము నానేసి నార తీసేవాళ్లు గదా. ఐర్లండ్ ఉత్తరాన అల్‌స్టర్ పల్లెల్లో అవిసె గింజల మొక్క నుంచి నార తీసి ఇళ్లల్లోనే నూలు వడికేవాళ్లంట. ఆ పద్ధతి తెలిసినవాళ్లు చెప్పండన్నా. కట్ట నానిందని ఎట్టా కనుక్కునేవాళ్లు?

వింజమూరు:
తేడా కోత కాడే మొదలైద్ది. జనుమును కొడవలితో కోస్తాం, అవిసెను వేళ్లతో సహా పీకాలి. కోస్తే కాడ మొదలు కాడి నార నేలపాలై పోగు పొడవు తగ్గుద్ది. కాడ కింది భాగం పసుపు తిరగంగానే, గింజ పూర్తిగా ముదరకముందే పీకేవాళ్లు. ముదిరితే నార గరుకు.

తుంగతో చిన్న కట్టలు కట్టి, నిలవనీటి గుంటలో వేళ్లు కిందికుండేట్టు నిలబెట్టి, పైన రాళ్లు పెట్టేవాళ్లు. తేలిన కట్ట సమంగా నానదు. అక్కడి చలికి 7 నుంచి 14 రోజులు పట్టేది. నీళ్లు వెచ్చగా ఉంటే ఇంకా ముందే అవుద్ది, నారను పుల్లకు అంటించే బంకను తినే సూక్ష్మజీవులకు వేడి కావాలి.

రోజులు లెక్కబెట్టి మాత్రం తీయకూడదు. ఒక కాడను 6 అంగుళాల దూరంలో రెండుచోట్ల విరిచి, మధ్య పుల్లను లాగాలి. నారను పట్టకుండా జారి వస్తే తీసే అదును. ముందే తీస్తే పుల్ల నారకు అంటుకొని, కొట్టేటప్పుడు నార తెగుద్ది. ఆలస్యమైతే నారే కుళ్లుద్ది, దానికిక మందు లేదు. అందుకే చివరి రోజుల్లో పూటపూటా చూడాలి.

కావలి నుంచి:
బాగా చెప్పారండీ. తీసినాక పచ్చికలో పలచగా పరిచి, తిరగేస్తూ ఆరబెట్టేవాళ్లు. ఆపైన పుల్లను నలగ్గొట్టి, చెక్క కత్తితో పొట్టు రాల్చి, ఇనుప ముళ్ల దువ్వెనతో దువ్వేవాళ్లు. పొడుగు నార సన్న నూలుకు, దువ్వెనకు చిక్కిన పొట్టి నార ముతక గుడ్డకు, తాళ్లకు. వడికేటప్పుడు వేళ్లు తడుపుకోవాలి, లేకపోతే నూలు నూగునూగుగా వస్తది.

గుంట నీళ్లు వాగులో వదిలితే ప్రాణవాయువు అందక చేపలు చచ్చేవి. జనుము నానేసిన నీళ్లకూ ఇదే జాగ్రత్త.



కందుకూరు రైతు:
అదే దువ్వెన జనుముకు పనికొస్తదా?

వింజమూరు:
జనుము నార ముతక అబ్బాయ్. ముళ్లు ఎడంగా ఉన్న దువ్వెన వాడు, కొసల నుంచి మొదలుపెట్టి మెల్లగా లోపలికి దువ్వు. మధ్యలో గుచ్చి లాగితే సగం నార ముళ్లకే పోద్ది.