బొగ్గుబాయి కాడ మొగడు పోయిన ఆడోళ్లు బోనం ఎత్తేటోళ్లా?

హన్మకొండ కోడలు:
మా అత్తమ్మ నాయనమ్మ నిజాం కాలంల నర్సంపేట దిక్కునుంచి ఇల్లెందు బాయిలకు వలసపోయిందట, ఆడనే పైకప్పు కూలి మొగడు పోయిండు, అయినా ఊరికి రాలే, బాయి మీద తట్టలు మోసుకుంటనే పిల్లల్ని సాదింది. ఊర్లైతే అసుంటి ఆమెను శుభకార్యానికి ఎదురు రానియ్యరు, మరి ఈమె మైసమ్మకు బోనం ఎత్తిందని అత్తమ్మ చెప్తది. బాయి కాడ గిట్ల నడిచేదా? తెలిసినోళ్లు చెప్పున్రి, పిల్లల కోసం రాసిపెడ్దామని.

బెల్లంపల్లి బిడ్డ:
నడిచేది అక్కా. ఊర్లె కులపెద్దలు, అత్తమామలు కండ్లముంగటనే ఉంటరు, బాయి మీద తలా ఒక ఊరు, అడిగేటోడెవడు? అదీగాక మన కష్టం చేస్కునే కులాలల్ల మారుమనువు ముందునుంచే ఉన్నది. మైసమ్మకు మొక్కకుండ బాయిల దిగేటోళ్లు తక్కువ, ఆ తల్లి కాడ ఎవరి మొక్కు వాళ్లదే. కని పెండ్లిల పసుపు దంచేటప్పుడు, బతుకమ్మ ఆడేటప్పుడు మా అమ్మమ్మను బాయి మీద గూడ పక్కకే నిలబెట్టిన్రు, అది తలుసుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగుల్తది.

మానుకోట మాస్టర్:
ఇల్లెందు అప్పుడు వరంగల్ జిల్లానే అమ్మా, ఖమ్మం జిల్లా 1953ల అయ్యింది. తవ్వకం 1889ల మొదలైంది, లండన్‌ల పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ కింద, 1920ల అది సింగరేణి కాలరీస్ అయ్యింది. పక్కనే డోర్నకల్ ఉన్నది గదా, 1912ల అజరయ్య గారు ఆడ బిషప్ అయిండు, ఆంగ్లికన్ చర్చిల మొదటి భారతీయ బిషప్ ఆయననే. మాల మాదిగ వాడలు చానా చర్చిల కలిసినయ్. తెలుగు మిషన్లల్ల బైబిల్ స్త్రీలుగ ఊర్లు తిరిగి వాక్యం చెప్పినోళ్లల్ల మొగడు పోయినోళ్లు గూడ ఉండిరి, ఊరు మూలకు కూసోబెట్టిన మనిషి నలుగురి ముంగట నిలబడి మాట్లాడుడంటే చిన్న సంగతి కాదు.

గోదావరిఖని అక్క:
బాయి మీద స్వేచ్ఛ ఉండె అనకున్రి, సగమే నిజం. రోజుకూలీ, పైన కూలీలతోని పని చేయించే సర్దారు, మొగడు లేని ఆడది అంటే అందరికీ అలుసే. మా వాడల ఒక ముసలామె శిగమూగేది, వయసుల ఉన్నప్పుడే మొగడు పోయిండు, అమ్మవారు ఒంటిమీదికొచ్చిన రోజు ఆమె తిడ్తుంటే పెద్ద పెద్ద మొగోళ్లు గూడ తలకాయ వంచి నిలబడేటోళ్లు, తెల్లారి గూడ ఆమె జోలికి పోవాలంటే భయమే. భక్తి అంటే ఓదార్పే అనుకుంటం గని, అసుంటోళ్లకు అదే కాపల. మీ అత్తమ్మను అడుగున్రి, వాళ్ల నాయనమ్మకు శిగం వచ్చేదేమో.

హన్మకొండ కోడలు:
ఇప్పుడే ఫోన్ చేసి అడిగిన అక్కా, వచ్చేదట! ఆషాడంల ఆమె ముందు నడిస్తేనే వాడ బోనాలు కదిలేటియట. ఇల్లెందు పాత బాయిల దిక్కు మైసమ్మ గుడి ఏడ ఉందో ఎవరికన్న ఎరుకుంటే చెప్పున్రి, అత్తమ్మను తీస్కపోతం.