అనుభవ వ్యాసాల్లోని శాస్త్రీయ వాదనలను ఎలా సరిచూడాలి?

హనుమకొండ నుంచి మేము ముగ్గురం వ్యక్తిత్వ వికాసంపై ఒక ఆన్‌లైన్ పత్రికను నడుపుతున్నాము. మాకు వచ్చేవి ఎక్కువగా రచయితల సొంత అనుభవాలే. చిక్కంతా ఆ అనుభవం నడుమ అందరికీ వర్తించే సూత్రంలా చేరే ఒక్క వాక్యంతోనే వస్తోంది. భద్రకాళి చెరువు గట్టున రోజూ నడిచే ఒకరు, ఏ అలవాటైనా 21 రోజుల్లో స్థిరపడుతుందని శాస్త్రం నిరూపించినట్లు రాశారు. నిజానికి లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందితో 12 వారాలు జరిపిన అధ్యయనంలో అందుకు మధ్యస్థంగా 66 రోజులు, మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల వరకు పట్టవచ్చని అంచనా వేశారు. 22వ రోజున నడక మానేసిన పాఠకుడు లోపం తనదేనని కుంగిపోతాడన్నదే నా బాధ.

మొదట ప్రతి వాదనకూ ఆధారం అడిగితే యూట్యూబ్ లింకులు పంపారు. తరువాత అటువంటి వాక్యాలను మేమే తొలగిస్తే, తమ మాటను మార్చామని రచయితలు నొచ్చుకున్నారు. ఇద్దరు రాయడమే మానేశారు. రెండు నెలలుగా వ్యాసం చివర "ఇవి రచయిత అభిప్రాయాలు" అని చేరుస్తున్నాము గాని, పాఠకులు ఆ సూత్రాన్నే నిజమని నమ్మి మాకు రాస్తున్నారు.

రచయిత గొంతు చెడకుండా, వ్యాసాన్ని స్వీకరించే ముందే ఇటువంటి వాదనలను సరిచూడడానికి మీ పత్రికలో ఏ నియమం పనిచేసింది?