ఊరి వాట్సాప్ గ్రూపు మీద నమ్మకం పోయింది, ఏం చేయమంటారు?

నమస్కారమండి. మాది కోనసీమలో ఓ పల్లె. పోస్టాఫీసులో రిటైరయ్యాక ఊరి గ్రూపు అడ్మిన్ పని నా మెడకు చుట్టారు. 412 మందిమి, సగం మంది కువైట్లోనూ హైదరాబాద్‌లోనూ ఉంటారు. చావు కబురైనా, కొబ్బరి ధరైనా, కాలవకి నీళ్లొదిలినా ముందు తెలిసేది అందులోనే.

పోయిన నెల ఓ రాత్రి మా తమ్ముడి వరస కుర్రాడి నంబరు నుంచి "పీఎం కిసాన్" అని ఏపీకే ఫైలొచ్చింది, అంటే నొక్కితే ఫోన్లో యాప్ ఎక్కించే ఫైలు. వాడు పంపలేదు, వాడి ఫోను పంపింది. తెల్లారేసరికి ఏడుగురు నొక్కారు. పాలకేంద్రం నడిపే మా చెల్లెలు వరసావిడకి 38 వేలు పోయాయి. ఇప్పుడావిడ శుభలేఖ వచ్చినా తెరవదు. "అన్నయ్యా, ఇది నువ్వే పంపావా?" అని ఫోన్ చేసి కనుక్కున్నాకే చూస్తుంది.

అడ్మిన్లు తప్ప ఎవరూ రాయకుండా పెట్టేయమంటున్నారు కుర్రాళ్లు. అప్పుడది పంచాయతీ నోటీసు బోర్డే కదండీ! ఊరి గ్రూపులు నడిపేవాళ్లు చెప్పండి.

జవాబు 1 (మొబైల్ షాపు, తణుకు)
అంకుల్, గ్రూపు మూయకండి. కొత్తవాళ్లు చేరాలంటే అడ్మిన్ ఒప్పుకోవాలనే సెట్టింగ్ పెట్టండి, అది చాలు. అలాంటి ఫైలు కనబడగానే అందరికీ పోయేలా మీరే డిలీట్ చేయొచ్చు. అసలు సంగతి ఆ ఏడు ఫోన్లు. ఆ యాప్ ఎస్సెమ్మెస్‌లు చదివే పర్మిషన్ తీసుకుని ఓటీపీలు లాగుతుంది. నెట్ ఆపి, యాప్ తీసేసి, వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్, అంటే మన వాట్సాప్ ఇంకెక్కడెక్కడ తెరిచి ఉందో చూపే జాబితా, చూశారా? లేదంటే మళ్లీ వాళ్ల పేరుతోనే వస్తుంది.

జవాబు 2 (గద్వాల)
2018ల మా దిక్కు పిల్లల్ని ఎత్తుకపోయే గ్యాంగ్ తిరుగుతుందని ఒకటే ఫార్వర్డులు. రాత్రంత కట్టెలు పట్టుకొని కావలి కాసినం. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి మేడం ఊరూరికి పోలీసుల్ని పంపి, డప్పులతోని పాటలు పాడిపిచ్చి అది అబద్ధమని చెప్పిచ్చిన్రు. సెట్టింగులతోని కాలే సార్. ఎదురుంగ వచ్చి చెప్పిన మనిషిని నమ్మినం.

జవాబు 3
సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ ఎప్పుడు చేశారు? డబ్బు ఇంకా ఖాతాల్లో ఉండగా చేస్తేనే ఆపగలిగేది. ఇంకోటి, ఎవరో పెట్టిన మెసేజ్‌కి అడ్మిన్‌ని జైల్లో వేస్తారని భయపడకండి. 2022లో కేరళ హైకోర్టు అలా బాధ్యుణ్ని చేయడం కుదరదంది.

అడిగినాయన
మా చెల్లెలు మూడోరోజున చేసిందండి. మొగుడికి తెలిస్తే పరువు పోతుందని దాచింది. మిగతావాళ్లలో ముగ్గురు ఇప్పటికీ ఒప్పుకోలేదు. వాళ్లని అనడానికి నాకు నోరు రావట్లేదు. ముప్పై రెండేళ్లు రిజిస్టర్డ్ ఉత్తరాలకి సంతకం చూడందే చేతికివ్వనివాణ్ని. ఆ ఏడుగురిలో నేనూ ఒకణ్ని.

గ్రూపులో ఇప్పుడే ఆ మాట రాశాను. రెండు నిమిషాల్లో ఇంకొకాయన "నేను కూడా మాస్టారూ" అన్నాడు. తణుకు బాబూ, లింక్డ్ డివైసెస్ ఎక్కడుంటుందో కాస్త నెమ్మదిగా చెప్పు.