ముప్ఫై ఏళ్లు నిండని ఆడవాళ్లను గల్ఫ్ పనికి ఆపడం న్యాయమేనా?

రాయచోటి వాసి:
మా వీధిలో ఇరవై ఆరేళ్ల అమ్మాయి కువైట్‌లో ఇంటిపనికి వెళ్తానంటోంది. భర్త లేడు, ఇద్దరు పిల్లలు. పదో తరగతి తప్పింది కనుక ఆమెది ఈసీఆర్ (వలస తనిఖీ అవసరమనే ముద్ర ఉన్న) పాస్‌పోర్టు. దానితో 18 దేశాలకు పనికి వెళ్లాలంటే 1983 వలస చట్టం కింద అనుమతి తప్పనిసరి. 30 ఏళ్లు నిండని స్త్రీకి ఆ అనుమతి ఇవ్వరు. ఈ నిబంధన ఉండాలా, పోవాలా?

కడప టీచరు:
ఉండాలి. నా విద్యార్థిని తల్లి రెండేళ్లు చాకిరీ చేసి, జీతం లేకుండా తిరిగొచ్చింది. నలభై ఏళ్లావిడకే ఆ గతి పడితే ఈ చిన్నపిల్ల ఏమవుతుంది?

కువైట్‌లో తొమ్మిదేళ్లు:
టీచరు గారూ, వయసు ఆమెను కాపాడలేదని మీరే చెప్పారు. ఈ నిబంధన ఎవరినీ ఆపడం లేదు. విజిట్ వీసాకు ఆ అనుమతి అక్కర్లేదు కాబట్టి ఏజెంటు ముందు దుబాయ్ పంపి, అక్కడి నుంచి కువైట్ చేరుస్తాడు. అలా వెళ్లిన మనిషి మన ప్రభుత్వ లెక్కలో ఉండదు. రెండేళ్లకు 275 రూపాయలు కడితే దక్కే పది లక్షల బీమా కూడా ఉండదు. కువైట్ 2015లో ఇంటిపనివారికి చట్టం చేసింది: రోజుకు 12 గంటలు మించకూడదు, వారానికో సెలవు, పాస్‌పోర్టు యజమాని ఉంచుకోకూడదు. అయినా అకామా (అక్కడ నివసించే అనుమతి) కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) చేతిలోనే ఉంటుంది. ఇల్లు దాటితే పారిపోయిందని ఫిర్యాదు చేస్తాడు, ఆమె ఖల్లివెల్లి, అంటే అనుమతి లేకుండా ఉంటున్న మనిషి అయిపోతుంది. అలాంటివాళ్లను నేను కళ్లారా చూశాను.

కర్నూలు నుంచి:
పారిపోయినవారు అక్కడే శరణు కోరవచ్చు కదా?

అనంతపురం ప్లీడరు:
పారిపోయిన పనివారినీ శరణార్థులనూ కలపకండి. 1951 శరణార్థుల ఒప్పందం సొంత దేశంలో వేధింపులకు భయపడేవారి కోసం. ఆ వేధింపు కూడా జాతి, మతం, జాతీయత, రాజకీయాభిప్రాయం, సామాజిక వర్గం కారణంగా ఉండాలి. ఈమె సొంత దేశానికి రావాలనే కదా ఏడుస్తున్నది! పైగా కువైట్ ఆ ఒప్పందంలో చేరలేదు, మనమూ చేరలేదు. ఆమెకు దిక్కు మన రాయబార కార్యాలయమే. పాస్‌పోర్టు లేకపోతే ఔట్‌పాస్ (ఇంటికి తిరిగిరావడానికి ఇచ్చే ప్రయాణ పత్రం) ఇచ్చేది వాళ్లే. ఇంకో మాట, పదో తరగతి గట్టెక్కితే ఈసీఆర్ ముద్రే ఉండదు.

కువైట్‌లో తొమ్మిదేళ్లు:
ముద్ర పోతే అడ్డు పోతుంది, దానితో పాటు మన ప్రభుత్వ పరిశీలనా పోతుంది. అందుకే వయసు అడ్డు తీసేసి, ప్రతి కాంట్రాక్టునూ పరిశీలించి పంపమంటున్నాను.

కడప టీచరు:
ఆ మాటకు ఒప్పుకుంటాను, వయసు సంగతి మాత్రం ఇంకా నాకు మింగుడుపడలేదు. రాయచోటి వారూ, ఆ అమ్మాయిని ఆదివారం నా దగ్గరకు పంపండి. ఓపెన్ స్కూల్లో పదో తరగతి నేనే చదివిస్తాను. చదువుంటే ఇక్కడే పని దొరకవచ్చు.

రాయచోటి వాసి:
అడిగాను, వస్తానంది. పాస్‌పోర్టు ఇప్పటికే ఏజెంటు చేతిలో ఉందట. రేపు పొద్దున ఇద్దరం వెళ్లి తెచ్చుకుంటాం.